జ్ఞానస్నానశబ్ద విచారము

సికిందరాబాదునుండి ఉత్తరముగాఁ బోవు నాగపురపు బాటమీఁద మేడ్చలును, కరీంనగరపు బాటమీఁద శామీరుపేటయు నున్నవి. 2016లో నేర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ రెండును జేరినవి. ఈ ప్రాంతపు క్రైస్తవులలో ఒకే సంస్కారమునకు రెండు పేళ్లు వాడుకలో నున్నవి. కతోలికులు దానిని 'జ్ఞానస్నాన'మందురు. ప్రొటెస్టంటు సంఘములవారు 'బాప్తిస్మ'మందురు. రెండవది గ్రీకుపదము, తెలుఁగువిభక్తిని మాత్రము తగిలించుకొని వచ్చినది. దానియందు విచారింపవలసినది స్వల్పము. మొదటిది రెండును సంస్కృతపదములే యైన సమాసము. పండితుఁ డెవ్వఁడు విన్నను అర్థమైన దనుకొనును. కాని అతఁ డనుకొనిన యర్థము వేఱు, ఆ సంఘమువారు చెప్పు అర్థము వేఱు. ఈ భేద మెట్లు వచ్చినది, ఈ పద మెందుకు ఏర్పడినది యనునదియే యిచట విచార్యము.

ముందుగా ఆ సంఘపు సిద్ధాంతము తెలియవలెను. కతోలికమతమున ఆత్మ అనాది కాదు. ప్రతి మనుష్యుని యాత్మను దేవుఁడు ప్రత్యేకముగా, శూన్యమునుండి సృజించును. అది తలిదండ్రులనుండి పుట్టదు, మునుపెన్నఁడు నుండినది కాదు. ఆత్మలు దేహములకు ముందే యుండెనను మతమును ఓరిజెను అనుయాయులకు ఆరోపించి క్రీ. శ. 543లో జస్టీనియను చక్రవర్తి శాసనపూర్వకముగా ఖండించెను. 1312 నాఁటి వియెన్ సభ ఆత్మ దేహమునకు స్వయముగా 'రూప'మని నిర్ణయించినది. ఇచట రూపమనఁగా వర్ణము గాని ఆకారము గాని కాదు; అరిస్టాటిలు మతానుసారముగా, దేహమును దేహముగా నిలుపు తత్త్వము. అది లేనిచో నున్నది శవమే. 1513లో లాటెరను సభ ఆత్మ అమరమనియు, దేహమునకొక్కటి చొప్పున అనేకములనియు స్థిరపఱచినది. కావున ఈ మతమున ఆత్మకు ఆది యున్నది, అంతము లేదు. న్యాయవైశేషికులకును సాంఖ్యులకును ఇది వింతగాఁ దోఁచును. పుట్టినది నశింపకపోవుట వారి మతమున కుదురదు. ప్రధ్వంసాభావమునకు ఆది యుండి అంతము లేదని తార్కికు లొప్పుకొందురు గాని, అది అభావము. భావపదార్థమున కది దృష్టాంతము కాఁజాలదు. కతోలికులు దీనికిఁ జెప్పు సమాధానము, ఆత్మ నిరవయవము గనుక విడిపోవుటకు అవయవములు లేవనుట.

ఇట్టి యాత్మతోఁ బుట్టిన శిశువు నిర్దోషి కాఁడని ఆ సంఘమువారి రెండవ సిద్ధాంతము. ఆదిపురుషుఁడు చేసిన పాపమువలనఁ బోయిన దివ్యానుగ్రహము అతని సంతతి కెవ్వరికిని పుట్టుకతో లేదు. 1546 జూను మాసమున ట్రెంటు సభ, ఈ దోషము అనుకరణమువలన గాక వంశానుగతిచే వచ్చుననియు, అది పోవుటకు బాప్తిస్మమే ద్వారమనియు విధించినది. 1547లో వరుసగా జనవరి, మార్చి మాసములందు అదే సభ పాపి నీతిమంతుఁ డగు క్రమమును, సంస్కారముల స్వరూపమును నిర్ణయించినది. ఆ స్నానముచేత జన్మదోషమును, పూర్వకృతపాపములును తొలఁగిపోవును. ఆత్మకు క్రొత్త జీవము కలుగును. చెరుపరాని ముద్ర యొకటి పడును. ముద్ర పడినది గావున రెండవమాఱు చేయరాదు. మతము విడిచిపోయి తిరిగివచ్చినవానికిఁ గూడ మరల స్నానము లేదు, పశ్చాత్తాపమే కలదు.

ఈ క్రొత్త జీవమునకు క్రైస్తవగ్రంథములందుఁ గల పేరు 'మరల పుట్టుట'. యోహాను సువార్త మూఁడవ యధ్యాయమున నికొదేమను పెద్దతో యేసు ఈ సంగతిని చెప్పును. అచటి గ్రీకు అవ్యయము 'ఆనోథెన్' అనునది ద్వ్యర్థి: 'పైనుండి' యనియు 'మరల' యనియు నర్థములు. నికొదేము రెండవ యర్థమును గ్రహించి, ముసలివాఁడు మరల తల్లికడుపున నెట్లు ప్రవేశించునని యడుగును; ప్రత్యుత్తరమున నీరును ఆత్మయు వచ్చును. లాటిను అనువాదమున ఈ శ్లేష పోయి 'మరల' యను నర్థమే నిలిచినది. రోమను సంఘము లాటినునే పఠించినది. తీతునకు వ్రాసిన లేఖయందు ఈ సంస్కారమునకు 'పాలింగెనేసియా' యొక్క స్నాన మను పే రున్నది. పాలిన్ అనఁగా పునః. గెనేసిస్ అనఁగా జన్మము. ఆ పదమును గ్రీకులు, ఆత్మలు మరల దేహముల ధరించుటకుఁ గూడ వాడిరి. దానిని అక్షరమున కక్షరముగా సంస్కృతీకరించినచో రావలసినది 'పునర్జన్మస్నానము'.

ఆ మాట భరతఖండమున వాడుటకు వీలులేకపోయినది. పునర్జన్మ యనఁగా ఈ దేశమున మరణానంతరము వేఱొక దేహమును పొందుట. దానిని కాదనుటయే ఆ బోధకుల మొదటి పని. ఒక నోట పునర్జన్మ లేదనియు, మఱుక్షణమున పునర్జన్మ లేక మోక్షము లేదనియు చెప్పినవానిని వినువాఁడు నవ్వును. కావున పదమును మార్చవలసెను. మార్చినచోటు మధుర, మార్చినవారిలో ముఖ్యుఁడు రాబర్టు డి నొబిలి.

నొబిలి 1577లో నిటలీదేశమునఁ బుట్టి, 1605లో గోవకును, మఱుసటి యేఁడు మధురకును వచ్చెను. 1656లో మైలాపురమున మృతినొందెను. మధుర అరవదేశమే గాని నాఁడు దానిని పాలించువారు తెలుఁగునాయకులు. నొబిలికి సంస్కృతము చెప్పిన శివధర్ముఁడు తెలుఁగుబ్రాహ్మణుఁడు. తరువాత శిష్యునివద్దనే ఆ గురువు జ్ఞానస్నానము పొందెను. నొబిలి తమిళమును, సంస్కృతమును, తెలుఁగును నేర్చెను. కాషాయము ధరించి, మాంసము విడిచి, సన్న్యాసివలె జీవించెను. అతఁడు తమిళమున వ్రాసిన గ్రంథములలో ఆత్మనిర్ణయము, పునర్జన్మాక్షేపము అను రెండు ప్రకృతవిషయమునకుఁ జెందినవి. ఈ రెండు పేళ్లను జూచినంతనే కష్టము తెలియును. 'ఆత్మ' యను పదమును స్వీకరించి, 'పునర్జన్మ' యను పదమును ఆక్షేపించెను. ఈ దేశమున ఆ రెండును విడదీయరానివి.

ఆత్మశబ్దవ్యుత్పత్తియే ఇందుకు సాక్ష్యము. నిరంతరగమనార్థకమైన 'అత్' ధాతువునుండి ఔణాదికప్రత్యయముచే ఈ శబ్దమును సాధింతురు: ఎడతెగక పోవుచుండునది యాత్మ. దేహమునుండి దేహమునకుఁ బోవునదని వ్యాఖ్యాతల కొందఱి యాశయము. అట్టి పదమును, ఒక దేహమునందే సృష్టింపఁబడి మఱియొక దేహమును పొందని వస్తువునకుఁ బెట్టిరి. లాటినున దానికి సరియైన పదము 'అనిమ', అది శ్వాసార్థకము, మన 'అన్' ధాతువునకు, అనిలశబ్దమునకు జ్ఞాతి. ప్రాణశబ్దము వాడిన వ్యుత్పత్తికి దగ్గఱగా నుండెడిది. కాని ప్రాణము పశువులకుఁ గూడ నున్నది. కతోలికమతమున పశువుల ప్రాణము దేహముతో నశించును, మనుష్యుని యాత్మ నశింపదు. ఈ భేదమును నిలుపుటకు ఆత్మశబ్దమే మేలని తోఁచి యుండును. లాటిను సంస్కృతముల ఈ చుట్టఱికమును తొలుత గుర్తించినవారిలో నొకఁడు తెలుఁగుదేశమున పనిచేసిన జెసూటు పాదిరి కూర్దూ. ఆయన 1767లో పారిసునందలి పండితసభకు దీనినిగూర్చి వ్రాసి పంపెను.

పునర్జన్మను కాదనుటకు ఈ పాదిరులు తఱుచుగాఁ జెప్పిన యుక్తి స్మృతిని గూర్చినది. పూర్వజన్మ యున్నచో దాని జ్ఞాపక ముండవలెను. జ్ఞాపకము లేని నేరమునకు దండన న్యాయము కాదు. దీనికి గౌతముని న్యాయసూత్రముల తృతీయాధ్యాయమున, ప్రథమాహ్నికమున సమాధానము సిద్ధముగా నున్నది: అప్పుడే పుట్టిన శిశువునకు హర్షభయశోకములు కలుగుటయు, స్తన్యమును కోరుటయు పూర్వాభ్యాసస్మృతి లేక కుదురదు. ఇంతకంటెను బలమైన ప్రత్యుత్తర మొకటి కలదు. ఆదిపురుషుని పాపమును శిశువునకుఁ గట్టిన మతమునకు ఈ స్మృతియుక్తి తిరుగఁబడును. ఆ శిశువున కది జ్ఞాపకమున్నదా? తాను చేసి మఱచినదానికి ఫలమనుట ఒక మతము. తాను చేయక, ఎఱుఁగక ఫలమనుట మఱియొకటి. ఏది న్యాయమునకు దూరమో తార్కికుఁడు సులభముగాఁ జెప్పఁగలఁడు.

అయినను న్యాయము తప్పకుండ వారి పక్షమునుగూడ చెప్పవలెను. జన్మదోషము శిశువు చేసిన నేరమని ఆ సంఘము చెప్పదు, అది లేమి. తండ్రి పోఁగొట్టిన మాన్యము కొడుకునకు లేకపోవుటవంటిది, కొడుకునకు శిక్ష కాదు. 1201లో మూఁడవ ఇన్నొసెంటు పోపు ఆర్లు నగరపు ఆర్చిబిషపునకు వ్రాసిన లేఖలో, జన్మదోషమునకు ఫలము దేవదర్శనము లేకపోవుట మాత్రమే యనియు, నరకయాతన స్వయంకృతపాపమునకే యనియు విభజించెను. స్నానము లేక మరణించిన శిశువుల గతినిగూర్చి వారిలోనే చిరకాలము చర్చ జరిగినది; 2007లో ఆ సంఘపు వేదాంతుల అంతర్జాతీయమండలి, అట్టి శిశువులు రక్షింపఁబడుదురని యాశించుటకు తగిన కారణము లున్నవని ప్రకటించినది.

ఇఁక సమాసమును పరిశీలింపవలెను. 'జ్ఞానస్నాన'మునకు విగ్రహ మెట్లు? షష్ఠీతత్పురుషమని 'జ్ఞానముయొక్క స్నాన'మన్నచో స్నానము చేయునది జ్ఞానమగును, అది అసంగతము. తృతీయాతత్పురుషమని 'జ్ఞానముచేత స్నాన'మన్నచో అర్థము రమ్యముగనే యుండును. జ్ఞానముతో సమానమైన పావనవస్తువు లేదని గీత నాలుగవ యధ్యాయమునఁ జదివినవాఁడు వెంటనే దీనినే గ్రహించును. కాని యిచట నీరు ఎగిరిపోయినది. నీరు లేనిదే ఈ సంస్కారము లేదు. జ్ఞానమే స్నానమని రూపకము చెప్పినను అదే దోషము. 'జ్ఞానముకొఱకు స్నాన'మని చతుర్థి చెప్పుదమన్న, తదర్థసమాసము ప్రకృతివికృతిభావ మున్నచోటనే యని వైయాకరణులు నియమించిరి. యూపదారువువలె ఇచట జ్ఞానము స్నానమునకు వికారము కాదు. అశ్వఘాసాదులయందువలె షష్ఠినే చెప్పి తాదర్థ్యమును ఊహింపవలెను. శాకపార్థివాదులలోఁ జేర్చి 'జ్ఞానసంబంధియైన స్నాన'మని ఉత్తరపదలోపము చెప్పుట యొక్కటే నిర్దుష్టము.

జ్ఞానసంబంధి యనఁగా నేమి? దీనిని శాస్త్రమునుండి కాక ఆ సంఘపు వాడుకనుండియే తీయవలెను. స్నానమున శిశువును పట్టుకొనువారు వారిలో జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. వారి వివాహసంస్కారము జ్ఞానవివాహము. జ్ఞానతండ్రి విద్వాంసుఁడు కానక్కఱలేదు. జ్ఞానవివాహము బ్రహ్మవేత్తలదియే కాదు. ఇన్నింటను 'జ్ఞాన' మనునది 'దైవసంబంధమైన, దేహసంబంధము కాని' యను నర్థముగల విశేషణము మాత్రమే. తమిళమున 'ఞాన' శబ్దము ఈ యర్థమున స్థిరపడి, ఆ రూపముననే తెలుఁగునకు వచ్చినది. (జ్ఞానతండ్రి యనుట వైరిసమాసము, జ్ఞానపుఁదండ్రి యనవలెను. కాని నిత్యము పిలుచుకొనువారిని వ్యాకరణము ఆపఁజాలదు.) ఇట్లు చూడఁగా జ్ఞానస్నానము విద్యాస్నానము కాదు, జ్ఞానముచేత శుద్ధి కాదు, దేహస్నానమునకు భిన్నమైన ఆత్మస్నానము. పునర్జన్మశబ్దమును తొలగించి, ఆ స్థానమున జ్ఞానశబ్దమును నిలిపిరి. జన్మము మాటలోనుండి పోయినది, స్నానము మిగిలినది.

స్నానము మిగులుట వారికి అనుకూలముగనే పరిణమించినది. ఈ దేశమున స్నానమున కున్న ప్రతిష్ఠ మఱి యే దేశమునను లేదు. ధర్మశాస్త్రములందు స్నానములు ఏడు విధములు: మంత్రప్రోక్షణచే మాంత్రము, మృత్తికచే భౌమము, భస్మముచే ఆగ్నేయము, గోధూళిచే వాయవ్యము, ఎండకాయునప్పటి వానచే దివ్యము, మునుఁగుటచే వారుణము, ధ్యానముచే మానసము. ఈ జాబితా నెఱిఁగినవాఁడు జ్ఞానస్నానమును మానసమునఁ జేర్చుట సహజము. కాని ట్రెంటు సభ నిజమైన, ప్రకృతిసిద్ధమైన నీరు ఈ సంస్కారమునకు అవశ్యకమనియు, నీటిని అలంకారముగా వ్యాఖ్యానింపరాదనియు శాసించినది. అనఁగా ఇది వారుణమునకును మాంత్రమునకును నడుమ నుండునది. నీరును వలయును, మంత్రమును వలయును. వారిలోను స్నానత్రయము కలదు: నీటిస్నానము, మతముకొఱకు ప్రాణము విడిచినవాని రక్తస్నానము, నీటిని పొందకమునుపే మరణించిన భక్తుని ఆకాంక్షాస్నానము. తుదిది మన మానసమునకు దగ్గఱ. అయినను అది నీటిస్నానముయొక్క ఫలము నిచ్చునే గాని, ముద్ర వేయదు.

మఱియొక పోలిక కలదు. విద్య ముగించినవాఁడు సమావర్తనమున స్నానము చేసి స్నాతకుఁ డగును. పారస్కరగృహ్యము విద్యాస్నాతకుఁడు, వ్రతస్నాతకుఁడు, విద్యావ్రతస్నాతకుఁడు అని మువ్వురిని చెప్పును. నైపుణ్యార్థమున 'నిష్ణాత' శబ్దమును సాధించుటకు పాణిని ప్రత్యేకసూత్రమునే చేసెను. లోతున మునిఁగినవాఁడే నేర్పరి. కావున సంస్కృతజ్ఞుని చెవికి జ్ఞానస్నాన మనఁగా జ్ఞానము పూర్తియైన పిమ్మట చేయు స్నానము. ఆదిమసంఘమున పెద్దవారు ముందు ఉపదేశమును వినియే స్నానము పొందిరి గనుక వారియెడ ఈ క్రమము సరిపోవును. శిశువులయెడ స్నానము ముందు, జ్ఞానము వెనుక. ప్రాణాపాయమున నున్నవారికి ఎవరైనను, క్రైస్తవుఁడు కానివాఁడైనను, సంఘము చేయు పనినే చేయు తలంపుతో నీరు పోసి మంత్రము పలికినచో అది చెల్లునని 1439 నాఁటి ఫ్లోరెన్సు సభ నిర్ణయించినది. ఆచార్యుని యధికారము, శిష్యుని విద్య రెండును లేనిచోటఁ గూడ చెల్లు స్నానము సమావర్తనముతోఁ బోల్పఁదగదు.

అయినను లౌకికస్నానముతో దీనికి సంఘర్షణము తప్పలేదు. నొబిలి శిష్యులు యజ్ఞోపవీతము, శిఖ, గంధము, నిత్యస్నానము విడువక యుండిరని తోడి పాదిరులే రోమునకు ఫిర్యాదు చేసిరి. 1623 జనవరి 31న పదునైదవ గ్రెగరీ పోపు, దేవతారాధనాంశమును విడిచినచో ఇవి యుండవచ్చునని అనుజ్ఞ యిచ్చెను. శౌచముకొఱకు చేయు స్నానమును ఆ యనుజ్ఞ నిషేధింపలేదు.

తెలుఁగుదేశమునకు ఈ పరిభాష కర్ణాటకమిషను ద్వారా వచ్చినది. ఫ్రెంచి జెసూటులు 18వ శతాబ్ది తొలి యేండ్లలో పుంగనూరు, కృష్ణాపురము మొదలగు రాయలసీమ స్థలములందు నిలిచిరి. వారి పెద్ద బూషే యను పాదిరి మునుపు మధురలోఁ బనిచేసినవాఁడు. ఆయన అవ్రాంషు మాజీ బిషపు యూయెకు ఆత్మల దేహాంతరప్రాప్తినిగూర్చి యొక దీర్ఘమైన లేఖను వ్రాసెను. అందు హిందువుల మతమును పైథాగరసు మతముతోఁ బోల్చెను. పునర్జన్మవిచారము వారికి ఎంత ముఖ్యముగా నుండెనో అదియే చెప్పును. ఇక్కడి కుటుంబములు, అందు రెడ్లు మిక్కిలి, తరువాత గుంటూరుమండలమునకు వలసపోయి ఫిరంగిపురము, రెంటచింతల మొదలగు గ్రామములందు స్థిరపడిరి. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయన మను పద్యకావ్యమున క్రీస్తుచరిత్రను ప్రబంధరీతిని చెప్పెను; గ్రంథనామమునఁ గల వేదాంతశబ్దము శాంకరము కాదని పాఠకుఁడు లోపలికిఁ బోయినఁగాని తెలియదు.

పరిభాష మధురనుండి వచ్చిన దనుటకు ఇతరసాక్ష్యముకంటె పేళ్లు బలమైనవి. తెలుఁగు కతోలికులలో రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య, శౌరి, జోజి అను పేళ్లు తఱుచు. రాయప్ప పేతురు, గ్రీకున పేత్రొస్ రాయి. చిన్నప్ప పౌలు, లాటినున పౌలుస్ అనఁగా చిన్నవాఁడు. ఇన్నయ్య ఇగ్నాసి, జోజి యోసేపు. శౌరి, సవేరియారనఁబడు ఫ్రాన్సిసు జేవియరు. శౌరి శబ్దము విన్న పండితునకు శూరుని మనుమఁడైన శ్రీకృష్ణుఁడు తోఁచును. శౌరిరెడ్డి యనఁగా విష్ణుభక్తుఁ డనుకొని మోసపోవుట కద్దు.

ఈ పేళ్లు స్నానకాలమున నియ్యఁబడునవి. వీనినిగూర్చియు వివాదము కలిగినది. 1703లో పుదుచ్చేరికి వచ్చిన తూర్నోను అను పోపుప్రతినిధి 1704 జూను 23న పదునాఱు విధులతో నొక శాసనము చేసెను. అందు స్నానసంస్కారమునకుఁ జెందినవే ముఖ్యములు: పునీతుల పేళ్లనే పెట్టవలెను, దేవతల పేళ్లు కూడదు, శిశువుల స్నానమును జాగుచేయరాదు, ఉప్పును, ఉమ్మిని, ఊఁదుటను విడువరాదు. రోమను పద్ధతిలో పురోహితుఁడు శిశువు మొగముపై ఊఁది, నోట నుప్పు వేసి, ఉమ్మితో చెవులను ముక్కును తాఁకెడివాఁడు. ఊఁదుట సృష్టికాలమున దేవుఁడు మనుష్యునియందు ప్రాణము నూఁదినదానిని తలపించును. ఉమ్మి యేసు చెవిటివానిని బాగుచేసినదానిని. కాని ఎంగిలికి ఇంత భయపడు దేశమున, పరునియుమ్మి తాఁకిన స్నానము స్నానమగునా? మైలయగును. ఆత్మను శుద్ధిచేయు క్రియ చూచువారికి అశుద్ధిగాఁ దోఁచుచున్నదని పాదిరులు వానిని విడిచిరి, తూర్నోను విడువరాదనెను. నలువది యేండ్లు రోమునకు జాబులు నడచినవి. ఉమ్మి, ఊఁదుటల విషయమున గడువుగల మినహాయింపులు మాత్రము లభించినవి. 1744 సెప్టెంబరు 12న పదునాలుగవ బెనెడిక్టు పోపు తుదినిర్ణయము చేసెను. కర్మసహితమైన స్నానములను తూర్నోను నిషేధించుటయు అందు నిలిచినది.

ఇంత రభస జరిగిన యుమ్మియు నుప్పును ఊఁదుటయు తుదకేమైనవి? 1969లో రోమను సంఘమే శిశుస్నానపద్ధతిని సంస్కరించి ఉప్పును, ఊఁదుటను తొలగించినది. చెవి, నోరు తాఁకుట మిగిలినను ఉమ్మి లేదు. కృష్ణాపురపు పాదిరులు ప్రాధేయపడినది రెండువందల యిరువదియైదేండ్లకు రోమున తానై జరిగినది.

హైదరాబాదు ప్రాంతమున కతోలికసంఘము ఈ కథకుఁ దరువాతిది. 1773లో జెసూటుసంఘము రద్దయినది. వారి స్థానమున ఇతరులు వచ్చిరి. 1851లో హైదరాబాదు ప్రత్యేకమండల మైనది. డానియలు మర్ఫీ యను ఐర్లండుదేశీయుఁడు దానికి మొదటి పెద్ద. 1855నుండి మిలాను పాదిరులు వచ్చిరి. 1886లో అది మేత్రాసనమును, 1953లో అగ్రపీఠమును అయినది. మేడ్చలు, శామీరుపేటలు ఈ పీఠమునకు లోఁబడినవే. ఐరిషువారు, ఇటాలియనులు వచ్చి పోయిరి గాని పదము మాఱలేదు. మధురలో నరవభాషకై కుదిరిన జ్ఞానస్నానము గోలకొండసీమలో నిలిచినది.

పదము నిలిచినది, జన్మశబ్దముతోడి చిక్కు తీఱలేదు. ఆదిపురుషదోషమునకు ప్రాచీనబోధకులు పెట్టిన పేరు 'జన్మపాపము'. దీనిని తెలుఁగు కాఁపువాఁడు వినఁగా నేమనుకొనును? కష్టము వచ్చినపుడెల్ల ఏ జన్మలో చేసిన పాపమో యనువాఁడు, ఇది పూర్వజన్మపాప మనుకొనును. పునర్జన్మను స్నానమునుండి తీసివేసిన బోధకులు, పాపమున జన్మశబ్దము నుంచి దానిని వెనుకటి వాకిట లోనికిఁ దెచ్చిరి. నేఁడు 'ఆదిపాప'మను మాటయు వాడుకలోనికి వచ్చినది. అర్థమునకు అదియే మేలు.

జన్మశబ్దముయొక్క వేఱొక ముఖము ద్విజశబ్దమున నున్నది. మొదటి జన్మము తల్లివలన, రెండవది ఉపనయనమున. గాయత్రి తల్లి, ఆచార్యుఁడు తండ్రి. జ్ఞానస్నానమునకు ఈ దేశమున ఇంతకంటె దగ్గఱి దృష్టాంతము లేదు. మరణము నపేక్షింపని రెండవ జన్మము, దేహము మాఱని జన్మము, మంత్రముచేతఁ గలుగు జన్మము. పునర్జన్మ యను చిక్కులేక 'ద్వితీయజన్మ' మని చెప్పుటకు మార్గము సిద్ధముగా నుండెను. కాని ద్విజత్వమునకు అధికారము మొదటి జన్మమునుబట్టియే, త్రైవర్ణికులకే. జ్ఞానస్నానమునకు జన్మాధికారము లేదు. ఆ సంఘమువారు ద్విజశబ్దమును గ్రహించినచో తమ సిద్ధాంతమునే కుదించుకొనియుందురు. సిద్ధాంత మట్లున్నను, ఆచరణమున మొదటి జన్మము కోవెలలోనికిఁగూడ వచ్చినది. రోగపీడితులైన పంచముల యిండ్లకు పోయి సంస్కారము లీయవలెనని 1704 నాఁటి శాసనము ఆజ్ఞాపింపవలసి వచ్చుటయే అందుకుఁ దార్కాణము. నొబిలికి అనుకూలముగా వచ్చిన 1623 నాఁటి అనుజ్ఞయందే కులగర్వమును విడువుఁడని పెద్దకులములవారికి హెచ్చరిక కలదు.

రాజశాసనము ఈ విషయమును వేఱుతీరున చూచినది. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువునుబట్టి హిందూమతేతరుఁడు షెడ్యూల్డుకులమువాఁడుగా నెంచఁబడఁడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఈ నియమము సడలినది గాని క్రైస్తవులకు సడలలేదు. స్నానముచే మొదటి జన్మము తొలఁగినదని శాసనమే యొప్పుకొన్నట్లున్నది. కాని 1970లో ఆంధ్రప్రదేశప్రభుత్వ మేర్పఱచిన వెనుకఁబడిన తరగతుల పట్టికలో, షెడ్యూల్డుకులములనుండి క్రైస్తవులైనవారిని, వారి సంతతిని 'సి' వర్గముగాఁ జేర్చి నూటికొకటి చొప్పున కేటాయించిరి. తెలంగాణమునను ఆ వర్గ మున్నది. ఇచట 'వారి సంతతి' యను మాట గమనింపఁదగినది. సంఘసిద్ధాంతమున జ్ఞానస్నానము వంశానుగతము కాదు. క్రైస్తవుల కడుపునఁ బుట్టిన శిశువునకుఁగూడ అది మరల చేయవలసినదే. వంశానుగతము జన్మపాప మొక్కటియే. పట్టికలోనో స్నానమే సంతతికి సంక్రమించుచున్నది. మేడ్చలులోఁగాని శామీరుపేటలోఁగాని కులపత్రము కోరి కచేరికిఁ బోయిన యువకుఁడు, తాను పుట్టకమునుపు తాత పొందిన స్నానమును అచటఁ జెప్పుకొనవలసి వచ్చుచున్నది.